నాటకదీపం ఎవరి పక్షం?

రంగస్థలంపై పడే వెలుగు ప్రేక్షకుడి మనఃస్థితిని మార్చగలదన్నది నాటకం ఆడేవారికీ చూసేవారికీ అనుభవంలో ఉన్న విషయమే గాని, అలా మార్చే అధికారం వెలుగుకు ఉండవచ్చునా అన్నది మాత్రం వేదాంతమూ అలంకారశాస్త్రమూ కలిసి విచారించవలసిన ప్రశ్న. ఈ విచారణకు మన దగ్గర ఒక పాత ఆధారం ఉంది. విజయనగర సామ్రాజ్యపు తొలినాళ్లతోనూ శృంగేరి పీఠంతోనూ పేరు ముడిపడిన 14వ శతాబ్దపు విద్యారణ్యులకు సంప్రదాయం ఆపాదించే ‘పంచదశి’ పదిహేను ప్రకరణాల అద్వైత గ్రంథం. వివేక, దీప, ఆనంద పంచకాలుగా విభజించిన ఆ గ్రంథంలో దీపపంచకానికి చివరిది, మొత్తం మీద పదవది అయిన ప్రకరణం పేరు ‘నాటకదీపం’. ఆత్మ ఎలాంటిదో చెప్పడానికి ఆ ప్రకరణం ఎంచుకున్నది సూర్యుణ్ణి కాదు, గుడిలోని అఖండజ్యోతినీ కాదు, నాట్యశాలలో ప్రదర్శన కోసం వెలిగించిన దీపాన్ని.

నాట్యశాలలోని దీపం ఆ సభకు యజమాని అయిన ప్రభువునూ, చూడవచ్చిన సభ్యులనూ, ఆడుతున్న నర్తకినీ ఏ తేడా లేకుండా ఒకే తీరున ప్రకాశింపజేస్తుంది. వారందరూ వెళ్లిపోయిన తరువాత ఖాళీ శాలలోనూ తనంత తాను వెలుగుతూనే ఉంటుంది. ఈ దృశ్యంలోని ఒక్కొక్కరినీ విద్యారణ్యులు మనిషి లోపలి వ్యవస్థలోని ఒక్కొక్క అంశానికి సరిపోల్చారు. ‘నేను’ అనే అభిమానంతో కూర్చున్న అహంకారం ప్రభువు, శబ్దస్పర్శాది విషయాలు సభ్యులు, క్షణక్షణమూ రూపం మార్చుకునే బుద్ధి నర్తకి, తాళం మొదలైనవి పట్టి ఆమె అడుగుకు అనుగుణంగా నడిచే వాద్యగాళ్లు ఇంద్రియాలు, వీటన్నిటినీ కనిపింపజేసే దీపం సాక్షి. సాక్షి అంటే జరుగుతున్నదానిలో పాలు పంచుకోకుండా, దాని మంచిచెడ్డలను అంటించుకోకుండా, అది జరుగుతున్నదని తెలియడానికి మాత్రం కారణమయ్యే చైతన్యం. నర్తకి తాళం తప్పినా దీపం వెలుగు తగ్గదు, ప్రభువు మెచ్చి కానుకలిచ్చినా పెరగదు.

నేటి రంగోద్దీపనం, అంటే రంగస్థలంపై వెలుగును కూర్చే కళ, ఈ వర్ణనకు దాదాపు ప్రతి అంశంలోనూ ఎదురుగా నిలుస్తుంది. ప్రేక్షకులు చీకటిలో ఉంటారు, నటుడు వెలుగులో ఉంటాడు. ప్రధాన పాత్రపై స్పాట్ పడితే పక్కనున్న పాత్ర నీడలోకి జారుతుంది. కోపఘట్టంలో ఎర్రగానూ విరహఘట్టంలో నీలంగానూ వెలుగు తన రంగు మార్చుకుంటుంది. ప్రదర్శన ముగియగానే ఆరిపోతుంది. విద్యారణ్యుల దీపం ఎవరి పక్షమూ వహించదు, నేటి దీపం పక్షం వహించడానికే ఉంది. అయితే ఆ ప్రకరణంలోని ఉపమానం ఇక చెల్లదనుకోవాలా, లేక నేటి దీపం తన ధర్మం తప్పిందనుకోవాలా?

అద్వైతంలోనే దీనికి వేరొక దారి ఉంది. విద్యారణ్యులకో వారి గురుస్థానీయులైన భారతీతీర్థులకో ఆపాదించే ‘దృగ్దృశ్యవివేకం’ అనే చిన్న గ్రంథం మాయకు రెండు శక్తులున్నాయని చెబుతుంది. ఒకటి ఆవరణశక్తి, అంటే ఉన్నదాన్ని కప్పివేసేది. రెండవది విక్షేపశక్తి, అంటే కప్పిన చోట మరొకదాన్ని కల్పించి చూపేది. ఆవరణం ఏమి కప్పుతుందో కూడా ఆ గ్రంథం స్పష్టంగానే చెప్పింది: లోపల చూచేవాడికీ చూడబడేదానికీ మధ్యనున్న భేదాన్ని అది కప్పుతుంది. రంగోద్దీపనం చేసే పని మొత్తాన్ని ఈ రెండు మాటలలో వివరించవచ్చు. హాలులో దీపాలు తగ్గించి పక్కవాడి ముఖాన్నీ, గోడలనూ, వేదిక పైకప్పునూ, తన చేతులను సైతం ప్రేక్షకుడికి కనబడకుండా చేయడం ఆవరణం. ఆ చీకటి మధ్యలో ఒక అడవినో, అంతఃపురాన్నో, వెన్నెలనో నిలపడం విక్షేపం. ఆవరణం పూర్తయినప్పుడు ప్రేక్షకుడు తాను కుర్చీలో కూర్చున్న సంగతి మరచి రంగస్థలంపై ఉన్నవారి దుఃఖంలో ఉంటాడు, అంటే చూచేవాడికీ చూడబడేదానికీ మధ్య ఎడం కనుమరుగవుతుంది. అందుచేత నేటి రంగదీపాన్ని సాక్షితో కాక మాయతో పోల్చడమే శాస్త్రానికి దగ్గర. ఈ వ్యాసం చేసే మొదటి నిర్ణయం ఇదే. అయితే మాయ అన్నంత మాత్రాన అది నింద కాదు.

ఆ మాయ పనిచేసే తీరు కొంత శరీరధర్మం మీద ఆధారపడి ఉంది. మనిషి కంటిలో మంచి వెలుగులో రంగులు గుర్తించే శంకుకణాలూ, మసక వెలుగులో పనిచేసే దండకణాలూ ఉన్నాయి. వెలుతురు నుంచి చీకటిలోకి వచ్చిన కన్ను పూర్తిగా అలవాటు పడడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. వెలుగు బాగా తగ్గినప్పుడు ఎరుపు ముందుగా నల్లబడుతుంది, నీలం ఎక్కువసేపు నిలుస్తుంది. 19వ శతాబ్దపు తొలి భాగంలో పర్కింజే అనే చెక్ శాస్త్రజ్ఞుడు గుర్తించిన ఈ ధర్మం వల్లనే రంగస్థలంపై పలుచని నీలి వెలుగును రాత్రిగా ఒప్పుకోవడం కంటికి సులువవుతుంది. దీపం ఉన్న చోటు మారినా భావం మారుతుంది. పాదాల వైపు నుంచి వచ్చే వెలుగు ముఖంలో నీడలను పైకి తోసి భయం పుట్టిస్తుంది, వెనుక నుంచి పడే వెలుగు తల చుట్టూ అంచు కట్టి పాత్రకు దివ్యత్వం తెస్తుంది, పక్కల నుంచి పడే వెలుగు నర్తకి శరీరపు మలుపులను చెక్కినట్టు చూపుతుంది.

ఇక్కడ పాత దీపం గురించి కూడా ఒక మాట చెప్పక తప్పదు, ఎందుకంటే లోకంలో ఏ దీపమూ పూర్తిగా నిష్పక్షపాతం కాదు. వెలుగు రంగును కొలిచే కెల్విన్ మానంలో నూనెదీపం సుమారు 1900, రంగస్థలపు హాలోజన్ దీపం 3200, పగటి వెలుగు 5600 ప్రాంతంలో ఉంటాయి. సంఖ్య తగ్గినకొద్దీ పసుపు, ఎరుపు ఛాయలు పెరుగుతాయి. వీథినాటకాల వేషగాళ్లు ముఖానికి పూసుకున్న అర్దళపు పసుపు, దివిటీ వెలుగు కలిసి మేనికి బంగారు ఛాయ తెచ్చేవి. అదే పూత నేటి నీలి వెలుగులో నల్లబడిపోతుంది, ఎందుకంటే పసుపు వర్ణం నీలి కిరణాలను తనలో ఇముడ్చుకుంటుంది. కాబట్టి వెలుగు మనోభావాన్ని మలచడం విద్యుత్తుతో మొదలైంది కాదు; వేషం, రంగు, దీపం ఒకదానికొకటి ఒదిగిన పాత పొందికను విద్యుత్తు విడదీసి, వెలుగును స్వతంత్రంగా నడపగల చేతికి అప్పగించింది, అంతే.

భరతుని నాట్యశాస్త్రంలో వెలుగు స్థానం చిత్రమైనది. నాట్యమండపం కొండగుహలా, తక్కువ కిటికీలతో ఉండాలని ఆ గ్రంథం విధిస్తుంది. గాలి చొరబడకపోతే స్వరం గంభీరంగా నిలుస్తుందన్నది దానికి కారణం. 64 హస్తాల పొడవు, 32 హస్తాల వెడల్పు గల మధ్యమ మండపమే మేలనీ, అంతకన్నా పెద్దదైతే నటుడి ముఖంలోని భావం అస్పష్టమవుతుందనీ అంటుంది. గుహలాంటి శాలలో దీపం అవసరమే, అయినా దీపాన్ని ఎలా అమర్చి ఏ భావం పుట్టించాలన్న విధి మాత్రం ప్రముఖంగా కనిపించదు. దాని బదులు చిత్రాభినయ ప్రకరణంలో ఉదయం, సాయంకాలం, రాత్రి, వెన్నెల, ఎండ వంటివాటిని చేతులతో, చూపుతో, శరీరపు స్పందనతో ఎలా చూపాలో చెప్పింది. చీకటిని నటుడు తడుముకుంటూ తెచ్చేవాడు, వెన్నెలను ఒంటిమీది పులకింతతో తెచ్చేవాడు. పూర్వాహ్ణంలో ధర్మకథలు, రాత్రి మొదటి భాగంలో గీతవాద్యాలతో కూడిన శృంగారం తగినవని వేళలు నిర్ణయించడం ద్వారా ఆకాశపు వెలుగునే భరతుడు ప్రదర్శనలో భాగం చేశాడు. పైగా రంగపూజలో నాట్యాచార్యుడు వెలుగుతున్న దీపికను పట్టుకొని, శబ్దం చేస్తూ రంగమంతా తిరిగి దాన్ని ప్రకాశింపజేయాలి. నటుడు అడుగుపెట్టకముందే వెలుగు ప్రతి మూలనూ ఒకసారి తాకాలన్న ఈ విధిలో విద్యారణ్యుల దీపానికి పూర్వరూపం కనిపిస్తుంది.

నాట్యశాస్త్రం ఆరవ అధ్యాయం రసాలకు రంగులనూ దేవతలనూ చెప్పింది. రౌద్రానికి ఎరుపు, భయానకానికి నలుపు, కరుణకు పావురపు వన్నె, హాస్యానికి తెలుపు, వీరానికి గౌరవర్ణం, బీభత్సానికి నీలం, అద్భుతానికి పసుపు, శృంగారానికి శ్యామం. దీన్ని చూపి నేడు దీపాలకు అడ్డుపెట్టే రంగు జిలెటిన్ కాగితాల వాడుకకు శాస్త్రప్రమాణం ఉందని వాదించడం సులభమే గాని సమంజసం కాదు. శృంగారఘట్టంలో గులాబీరంగు వేసే నేటి అలవాటుకు శ్యామవర్ణంతో పొత్తు లేదు, ఎందుకంటే ఆ శ్యామం రసానికి అధిదేవత అయిన విష్ణువును తలపిస్తుంది, ప్రేమికుల బుగ్గలను కాదు. రసవర్ణాలు ధ్యానానికి ఆలంబనాలు; వాటిని దీపాల మీటల పట్టికగా మార్చితే రసం మిగలదు, సంకేతం మిగులుతుంది.

తెలుగు ప్రదర్శనకళలలో వెలుగు రసానికి ఎంత దగ్గరగా పనిచేసిందో వీథిభాగవతాలు చూపుతాయి. కూచిపూడి భాగవతుల ప్రదర్శనలోనూ, ఇతర యక్షగానాలలోనూ ఇరువైపులా దివిటీలు పట్టేవారు. ఇద్దరు పట్టిన తెర వెనుక నుంచి ముఖ్యపాత్ర ప్రవేశించే క్షణంలో ఆ మంటమీద గుగ్గిలం పొడి చల్లేవారు. ఆ పొడి ఒక్కసారిగా భగ్గుమని అంటుకొని, పాత్ర ముఖాన్ని వెలిగించి, మరుక్షణం పొగగా మారి చుట్టుకొనేది. నరసింహుడో హిరణ్యకశిపుడో ప్రవేశించేటప్పుడు ఆ మెరుపు చూసిన పల్లెప్రజలకు భయమూ భక్తీ ఒకేసారి కలిగేవి. విక్షేపశక్తికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. అయినా ఆ మంట ప్రేక్షకుల ముందువరుసను కూడా వెలిగించేది. కేరళ కూడియాట్టంలో రంగం ముందు నిలిపే పెద్ద ఇత్తడి దీపం నటుడికీ ప్రేక్షకుడికీ నడుమ నిలిచినట్టే, ఇక్కడ దివిటీ ఇద్దరి మధ్యా నిలిచేది.

దివిటీ ఉన్నచోట దాన్ని పట్టే మనిషి ఉంటాడు. చాలా ఊళ్లలో పెళ్లి ఊరేగింపులకూ, భాగవతాలకూ దివిటీ పట్టే పని రజకులదిగా ఉండేది. తెల్లవార్లూ నూనె పోస్తూ, నటుడి ముఖం ఎటు తిరిగితే అటు దివిటీ వంచుతూ, ఏ పద్యం దగ్గర మంట ఎత్తాలో తెలిసి మసలిన ఆ మనిషి తెలుగు రంగస్థలపు తొలి దీపకారుడు. విద్యారణ్యుల ఉపమానంలో ప్రభువు ఉన్నాడు, సభ్యులున్నారు, నర్తకి ఉంది, తాళం వేసేవారు సైతం ఉన్నారు. దీపం పట్టిన మనిషి మాత్రం లేడు. శాస్త్రదృష్టితో చూస్తే అది లోపం కాదు, ఎందుకంటే సాక్షి స్వయంప్రకాశం, అంటే తాను వెలగడానికి మరొకరి అవసరం లేనిది. దాన్ని పట్టే చేయి ఉందన్న క్షణాన అది సాక్షి కాకుండా పోతుంది. కాని నాటకశాల లోకంలోనిది. ఇక్కడి దీపం ఎవరో వెలిగిస్తే వెలుగుతుంది, ఎవరో తిప్పితే తిరుగుతుంది. ధర్మాధర్మ ప్రశ్న అసలు పుట్టేది ఈ చేతి దగ్గరే, ఎందుకంటే సాక్షికి బాధ్యత లేదు, దీపం పట్టినవాడికి ఉంది.

యూరపులో ఈ బాధ్యత 19వ శతాబ్దపు చివర ఒక్కసారిగా పెరిగింది. 1876లో జర్మన్ సంగీతకర్త వాగ్నర్ తన బైరాయిట్ నాటకశాలలో ప్రేక్షకుల వైపు దీపాలను తగ్గించి చీకటిని నియమంగా చేశాడు. 1881లో లండన్‌లోని సవాయ్ థియేటర్ పూర్తిగా విద్యుద్దీపాలతో వెలిగింది. స్విట్జర్లండ్ దేశస్థుడు అడాల్ఫ్ ఆపియా 1899లో ప్రచురించిన గ్రంథంలో అంతటా సమంగా పరచుకునే వెలుగునూ, నీడలు కల్పించి రూపాన్ని మలచే వెలుగునూ వేరుచేసి, రెండవదే నాటకానికి సంగీతంతో సమానమైన ప్రాణమని వాదించాడు. మొదటిదాన్ని సాక్షిదీపానికీ, రెండవదాన్ని మాయాదీపానికీ దగ్గరగా ఉంచి చదివితే ఆపియా వాదంలోని సాహసం తెలుగు పాఠకుడికి మరింత బాగా అర్థమవుతుంది.

1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచకవధ’తో మొదలైన సురభి నాటకసమాజాలు మాయాదీపపు మార్గాన్ని ఎంచుకున్నాయి. రంగులు వేసిన తెరలు, మంటలు, గాలిలో తేలే పాత్రలు, ‘మాయాబజార్’లోని ఘటోత్కచుని వింతలు చూడడానికే తరతరాల ప్రేక్షకులు వచ్చారు. 1990లలో దర్శకుడు బి.వి. కారంత్ ఇదే సురభి కళాకారులతో జర్మన్ నాటకకర్త బ్రెహ్ట్ రచన ఆధారంగా ‘బస్తీ దేవత యాదమ్మ’ చేయించడం ఈ చర్చలో విశేషమైన సంగతి. బ్రెహ్ట్ మాయాదీపానికి బద్ధవిరోధి. దీపాలు ప్రేక్షకుడికి కనబడుతూ ఉండాలనీ, వెలుగు తెల్లగా, నిండుగా ఉండాలనీ, మసక వెలుగు ప్రేక్షకుణ్ణి మత్తులో ముంచి ఆలోచనను ఆపేస్తుందనీ ఆయన భావన. పైకి చూస్తే ఇది విద్యారణ్యుల నిష్పక్షపాత దీపమే అనిపిస్తుంది. కాని బ్రెహ్ట్‌కు కావలసింది ప్రేక్షకుడు తీర్పు చెప్పడం, లోకాన్ని మార్చడానికి లేవడం. విద్యారణ్యులకు కావలసింది తీర్పు చెప్పే బుద్ధిని సైతం వెలిగిస్తున్నది ఏదో గుర్తించడం. ఒకరు ప్రేక్షకుణ్ణి మేల్కొల్పి కర్తను చేయదలచారు, మరొకరు మేల్కొల్పి కర్తృత్వాన్నే విడిపించదలచారు.

మాయాదీపం పక్షాన బలమైన వాదం కశ్మీరం నుంచి వచ్చింది. నాట్యశాస్త్రానికి ‘అభినవభారతి’ వ్యాఖ్య రాసిన అభినవగుప్తుడు రసాస్వాదానికి ఏడు విఘ్నాలు చెప్పాడు. వాటిలో ఒకటి ప్రేక్షకుడు తన సొంత సుఖదుఃఖాలలో చిక్కుకొని ఉండడం. అప్పుల బాధతోనో ఇంటి సంబరంతోనో శాలలోకి వచ్చినవాడికి రాముడి దుఃఖం తెలియదు. ఆ విఘ్నాన్ని తొలగించడానికే గీతం, వాద్యం, అలంకరించిన మండపం వంటివి ఉన్నాయని ఆయన వివరణ. నేటి హాలు చీకటి ఈ కోవలోకి వస్తుంది. చీకటిలో ముందువరుస ప్రముఖుడూ చివరివరుస విద్యార్థీ ఒకటవుతారు. ఎవరి హోదా ఎవరికీ కనబడదు, తన హోదా తనకూ గుర్తుండదు. విద్యారణ్యుల శాలలో వెలుగుతూ ఉండిన ప్రభువు, అంటే అహంకారం, ఇక్కడ మొదట ఆరిపోతాడు. ఆవరణశక్తి కప్పింది ‘నేను’ అనే కప్పునే అయితే, ఆ కప్పడం విడుదలకు తోడ్పడుతుంది. కాబట్టి చీకటిని తప్పుపట్టనక్కరలేదు. తప్పుపట్టవలసింది ప్రేక్షకుడిని అతని బాధ నుంచి విడిపించిన మరుక్షణమే ఏ భావం పొందాలో రంగుతో ఆజ్ఞాపించే వెలుగును. అభినయం ఇంకా కోపాన్ని చేరకముందే వేదిక ఎర్రబారితే, నటుడు పలికించవలసిన దాన్ని దీపం ముందే చెప్పేసినట్టు. రసం పుట్టవలసిన చోటు ప్రేక్షకుడి హృదయం, దాన్ని మీట దగ్గరే ముగించడం అతని హృదయాన్ని నమ్మకపోవడం.

ఆనందవర్ధనుడు ‘ధ్వన్యాలోకం’లో మాట నేరుగా చెప్పే వాచ్యార్థానికీ, సూచించే వ్యంగ్యార్థానికీ ఉన్న సంబంధాన్ని దీపం, కుండ అనే దృష్టాంతంతో చెప్పాడు: దీపం కుండను చూపిస్తుంది, చూపించిన తరువాత తానూ వెలుగుతూనే ఉంటుంది, అయినా చూసేవాడి దృష్టి కుండమీదే నిలుస్తుంది. రంగోద్దీపనానికి ఇంతకన్నా మంచి కొలమానం కనబడదు. నాటకం చూసి వచ్చినవారు లైటింగును పొగుడుతూ, పాత్ర పేరు గుర్తు చేసుకోలేకపోతే దీపం కుండను మరిపించినట్టే.

సికింద్రాబాదుకూ ఉస్మానియా విశ్వవిద్యాలయానికీ నడుమనున్న సీతాఫల్‌మండి, చిలకలగూడ, వారాసిగూడ వంటి బస్తీలలో ఈ ప్రశ్న నాటకశాలలోనే కాక వీధిలోనూ ఎదురవుతుంది. ఆషాఢంలో బోనాలనాడు స్త్రీలు తలపై మోసే బోనం కుండమీద చిన్న దీపం వెలుగుతుంది. ఆ దీపం మోసే ముఖాన్నీ, దారినీ, ఎదురొచ్చేవారినీ మృదువుగా తాకుతుంది. సాయంత్రం కదిలే ఫలహారం బండ్లపైనా, గుళ్ల ముందు కట్టిన తోరణాలపైనా రంగురంగుల విద్యుద్దీపాలు క్షణక్షణం మారుతూ మెరుస్తాయి. ఉత్సాహం వాటి ధర్మం, పండుగకు ఉత్సాహం కావాలి కూడా. గర్భగుడి మాత్రం ఈ రెండు వెలుగులకూ మరో పొందిక చూపింది. నైవేద్యవేళ తెర వేసి, ఆ తరువాత తీసి, మసక చీకటిలో హారతిని మూర్తి పాదాల నుంచి ముఖం దాకా నెమ్మదిగా ఎత్తుతూ అర్చకుడు భాగభాగంగా దర్శనమిప్పిస్తాడు. తెర ఆవరణం, హారతి విక్షేపం. కాని అక్కడితో ఆగదు. మూర్తిని చూపిన అదే జ్వాల గడప దాటి భక్తుల దగ్గరికి వస్తుంది, ధనికుడూ పేదవాడూ దాన్నే కళ్లకద్దుకుంటారు. ఎంచి చూపిన వెలుగు చివరికి అందరిదీ అవుతుంది. మాయాదీపం సాక్షిదీపంగా మారే ఈ క్రమం నాటకశాల ఇంకా నేర్చుకోవలసి ఉంది.

రవీంద్రభారతిలోనైనా, సికింద్రాబాదు హరిహర కళాభవన్‌లోనైనా సభ జ్యోతిప్రజ్వలనంతో మొదలవుతుంది. ముఖ్యఅతిథి ఇత్తడి కుందెలో వత్తి వెలిగిస్తారు. ప్రదర్శన మొదలయ్యే ముందు కుందెను పక్కకు జరిపి, హాలు దీపాలు తీసేస్తారు. దీపం వెలిగించిన ప్రభువును అందరూ చూస్తారు, ఆ తరువాత రెండు గంటలపాటు వెలుగును నడిపే మనిషిని ఎవరూ చూడరు. చాలా సమాజాలలో ఆయనకు నాటకప్రతి ప్రదర్శన రోజున గాని అందదు; ఏ ఘట్టం ఏ భావమో అక్కడికక్కడ చెప్పించుకొని మీటలు నొక్కవలసి వస్తుంది కనుకనే కోపానికి ఎరుపు, విరహానికి నీలం అన్న తేలిక దారి పడుతుంది. ఆ తప్పు ఆయనది కాదు. నాటకసమాజాలు తొలి సాధన నాటినుంచే దీపకారుణ్ణి నటులతో పాటు కూర్చోబెట్టి నాటకం చదివించాలి. ఆహ్వానపత్రికలో దర్శకుడి పేరు పక్కన ఆయన పేరు అచ్చువేయాలి. ప్రదర్శన ముగిసి హాలు దీపాలు వెలిగినప్పుడు నటులతో పాటు ఆయననూ వేదికపైకి పిలవాలి.